వీడియోలో పేషెంట్లను చూడబోతున్న మా అమ్మాయికి

అమ్మాయీ,

వచ్చే సోమవారం నుంచి టెలిమెడిసిన్‌లో చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు నాడి పట్టి, చివరి మూడేళ్లు ఫోన్ పట్టినవాణ్ని. తెలిసింది రాస్తున్నాను.

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఒక పూట కూర్చుని చదువు. కాల్ కలవగానే నీ పేరు, చదువు చెప్పు. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవతలివాళ్ల పేరు, వయసుతో పాటు ఊరు కూడా అడుగు. మధ్యలో ఏదైనా అయితే 108 ఎక్కడికి రావాలో తెలియాలి కదా. పదహారేళ్లలోపు పిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.

అసలు చిక్కు మందుల దగ్గర. ఒక పెద్దాయన "బీపీకి తెల్ల బిళ్ల వేసుకుంటున్నా" అంటే, అదే వాడండి అనేశాను. ఎందుకో అనుమానమొచ్చి, పెట్టేసే ముందు ఆ స్ట్రిప్ చూపించమన్నాను. అది షుగర్ బిళ్ల! బీపీవి అయిపోయి నెలయిందట. అప్పటి నుంచి స్ట్రిప్ వెనక్కి తిప్పించి, పేరు చదవకుండా మందు రాయలేదు. మొదటిసారి మాట్లాడేవాళ్లు వీడియోలోకి రాకపోతే పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి దాటకు. నిద్ర పట్టట్లేదని ఆల్ప్రజోలం అడిగేవాళ్లు రోజుకొకరైనా తగులుతారు. ఎంత బతిమాలినా రాయకూడదు, ఆ మార్గదర్శకాల్లోని నిషేధ జాబితాలో ఉంది.

ఆయాసమంటే కెమెరా ఛాతీ మీదికి దించమను. గడియారం చూస్తూ పూర్తి నిమిషం ఊపిరి లెక్కపెట్టు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించకు. రెండు మాటలకోసారి ఆగుతున్నా, గుండెల్లో నొప్పి అన్నా, మూతి వంకర పోయినా ఇక ప్రశ్నలు చాలు. 108కి చేయించి, బండి వచ్చేదాకా లైన్లోనే ఉండు.

గంటకిన్ని కాల్స్ అని టార్గెట్ పెడతారు. నేను పనిచేసిన చోటా పెట్టారు, గొడవపడ్డాను. ఫోన్‌లో సరిపోతుందా, నేరుగా చూపించుకోమనాలా అన్నది తేల్చాల్సింది డాక్టరేనని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మేనేజరుకు ఆ పేజీ చూపించు.

పుండ్ల ఫోటోలు నీ సొంత వాట్సాప్‌కి తెప్పించుకోకు. అక్కయ్య పెళ్లి ఫోటోల మధ్య తేలతాయి. మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో, మీ ఇంటి గోడలు మరీ పలచన.

మీ పెదనాన్న