వాల్తేరు వెళ్తున్న మేనకోడలికి

పాపా,

ఆంధ్రా యూనివర్సిటీలో నీకు సీటొచ్చిందని మీ నాయన ఫోన్ చేశాడు. చదువు సంగతి మీ లెక్చరర్లు చూసుకుంటారు. ఆ విశాఖపట్నంలో ఎట్లా ఉండాలో మాత్రం నేను చెప్తాను. రెండేళ్లు అక్కడి హాస్టల్లో ఉన్నదాన్ని కదా.

మన అనంతపురంలో బట్టలు ఆరేసి ఇంట్లోకొచ్చేసరికి ఆరిపోతాయి. అక్కడ ఆరినట్టే ఉంటాయి, మడతపెట్టబోతే చెమ్మ తగులుతుంది. ఇది తెలియక నేను అవ్వ ఇచ్చిన ఇనప ట్రంకు పెట్టె తీసుకుపోయాను. ఉప్పుగాలికి ఆర్నెల్లలో మూలలు తుప్పుపట్టాయి. అడుగున దాచుకున్న తెల్ల వోణీ అంచు పొడుగునా కాఫీరంగు మరక పడింది, స్కేలు పెట్టి గీసినట్టు. ఎన్ని సబ్బులు మార్చినా పోలేదు. నువ్వు మామూలు బ్యాగే తీసుకుపో. తోలు చెప్పులకు బూజు పడుతుంది, వద్దు. జీన్స్ రెండు చాలు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎండ బాగా కాసిన రోజు ఒకసారి తీసి చూసుకో.

మీ నాయన సైకిల్ కొనిస్తానంటున్నాడట. వాల్తేరు అప్‌లాండ్స్ అన్న పేరులోనే ఉంది కదా, అంతా ఎత్తుపల్లం. తొక్కేదానికంటే తోసుకుంటూ నడిచేదే ఎక్కువవుతుంది. హాస్టల్ దొరక్క బయట గది చూడాల్సొస్తే సముద్రం కనపడే గదికి ఆశపడొద్దు. అద్దె ఎక్కువ, కిటికీ చువ్వలకు తుప్పూ ఎక్కువే. మద్దిలపాలెం వైపు వెతుకు, బస్సులకు ఇబ్బంది ఉండదు.

ఊరి బయట క్యాంపస్‌లో ఉండేవాళ్లకు సినిమాకు పోవాలంటే అదొక ప్రయాణం. నీకు గేటు దాటితే ఊరే. చిక్కంతా అక్కడే ఉంది. మొదటి ఆర్నెల్లూ సాయంత్రం ఐదైతే చాలు, ఎవరో ఒకరు "బీచికి పోదాం రా" అనేవాళ్లు. పరీక్షలొచ్చేసరికి నా నోట్సు సగం ఖాళీ. తర్వాత తెల్లారగానే పోవడం అలవాటు చేసుకున్నాను. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు సముద్రంలోంచి లేచేది ఎట్లాగూ పొద్దున్నే. సాయంత్రాలు వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి మిగిలాయి.

నీళ్లలో మాత్రం పాదాలు తడిస్తే చాలు. ఆర్కే బీచ్‌లో ఈతొచ్చినవాళ్లనే అల లాగేస్తుంది, నీకు ఈతే రాదు. నా మీద ఒట్టు.

అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ ఊరి దగ్గరే తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. హెచ్చరిక వినగానే ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని, బకెట్లు నింపుకుని, కాస్త నగదు దగ్గరుంచుకో. ఇంటికి ముందే ఒక ఫోన్ కొట్టు, లేకపోతే మీ అమ్మ టెన్షన్‌తో నన్ను నిద్రపోనివ్వదు. సముద్రం పక్కనున్న పాపానికి ఒకసారి యూనివర్సిటీయే మకాం మార్చింది తెలుసా? 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. యుద్ధం రోజుల్లో కొన్నాళ్లు యూనివర్సిటీ గుంటూరులో నడిచింది.

నువ్వు "యాడికి" అంటే నవ్వుతారు, నవ్వనీ. పండక్కి ఇంటికొచ్చేసరికి నువ్వే "ఏటి" అంటుంటావు. పండగంటే గుర్తొచ్చింది, శని ఆదివారాలకు వచ్చిపోయే దూరం కాదది. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు ఒక రోజు ప్రయాణం. సంక్రాంతి టికెట్టు 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దునే చేసుకో.

అవ్వ చెనిక్కాయల పొడి దంచి పెట్టింది. గాజు సీసాలో పోయమన్నాను. తిన్నాక మూత గట్టిగా బిగించు, ఆ గాలికి రెండ్రోజుల్లో ముద్దయిపోతుంది.

మీ అత్త