వాగు దాటాక ఏమైంది?

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. రాత్రి చదివితే కోపం వచ్చింది. పొద్దున చదివినా వచ్చింది గానీ, ఆరో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. నొప్పులు పడుతున్న పిల్లను తీసుకుని వాగులోకి దిగే ముందు నీ ఆశా కార్యకర్త రిజిస్టరును పాలిథిన్ కవర్లో చుట్టి జాకెట్లో దోపుకుంటుంది. ఆ వాక్యం నీది. మిగతా పన్నెండు పేజీలూ ఎవరైనా రాస్తారు, రాస్తూనే ఉన్నారు.

లెక్కపెట్టాను. 'దేవత' పదకొండు సార్లు, 'అమ్మతనం' ఏడు సార్లు వచ్చాయి. ఆవిడకు ఎంత వస్తుందన్నది ఒక్కసారీ రాలేదు. దేవత అన్నాక ఇక జీతం బత్తెం మాట ఎత్తనక్కర్లేదు, అదీ ఆ మాటతో సుఖం. పేపర్లవాళ్లు, టీవీలవాళ్లు వాడేదీ అందుకే. నువ్వు ఆ మాటను వాళ్ల దగ్గరే నేర్చుకున్నావు.

ఆశాలు వచ్చింది 2005లో, గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో. కాగితాల మీద వాళ్లు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. పనికింత అని లెక్క. జననీ సురక్ష యోజనలో పల్లెటూరి కాన్పుకు ఆశాకు 600 రూపాయలు. అందులో సగం గర్భిణికి పరీక్షలన్నీ చేయించినందుకు, సగం ఆసుపత్రిలో పురుడు పోయించినందుకు. ఇప్పుడు నీ వాగు దగ్గరికి రా. నడుముల దాకా నీళ్లు, నొప్పులు పడుతున్న పిల్ల, అవతల ఒడ్డున ఆటో. ఒడ్డు ఎక్కకముందే బిడ్డ పుడితే ఆవిడకు ఆ 300 రావు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసీ ఆ పిల్ల గురించే భయపడుతోందా, రెండు భయాలూ కలిసే ఉన్నాయా? కథ అక్కడుంది బాబూ. నువ్వేమో అక్కడ ఉరుము, మెరుపు పెట్టావు.

నేనేం పుట్టుకతో తెలుసుకుని రాలేదు. పాతికేళ్ల కిందట ఒక పత్రిక మహిళల పేజీకి వ్యాసం పట్టుకెళ్లాను, ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఆయా మీద. మూడు రాత్రులు ఆవిడ వెనకే తిరిగాను. నెత్తురు గుడ్డలు నానేసే బకెట్టు ఎక్కడ పెడుతుందో, తెల్లవారుజామున నాలుగింటికి కాళ్లు చాపుకునే చోటు ఏ మెట్ల కిందో చూశాను. కాంట్రాక్టరు నెలనెలా జీతంలో ఎంత కోస్తాడో, ఏం సాకు చెబుతాడో ఆవిడే వేళ్ల మీద లెక్కేసి చెప్పింది. రాయమనే చెప్పింది. ఎడిటరుగారు ఆ పేరా మీద అడ్డంగా గీత కొట్టి, "లెక్కలకు బిజినెస్ పేజీ ఉందమ్మా, మన పేజీలో మనసుండాలి" అన్నారు. 'అమ్మను మించిన ఆయమ్మ' అని శీర్షిక పెట్టారు. పక్కన చంటిబిడ్డను ఎత్తుకుని నవ్వుతున్న ఫొటో. ఆ బిడ్డ ఎవరిదో ఆవిడకే తెలీదు, ఫొటోగ్రాఫరు అడిగి తెచ్చి చేతికిచ్చాడు. పేపరు తీసుకెళితే కూతురి చేత చదివించుకుంది. అంతా విని, "కోత సంగతి రాలేదేంటమ్మా?" అంది. ఆ ఎడిటరుగారు తర్వాత చాలా పెద్దవారయ్యారు. సన్మానానికి నన్నూ పిలిచారు, వెళ్లలేదు. సరే, ఆ గొడవ నీకెందుకు.

ఇప్పుడు మారిందనుకుంటున్నావేమో. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని పది లక్షల మందికి పైగా ఆశాలకు అవార్డు ప్రకటించింది. వార్తలు, అభినందనలు అన్నీ అయ్యాయి, కాగితం మీద మాత్రం వాళ్లు స్వచ్ఛంద కార్యకర్తలుగానే మిగిలారు. అంగన్‌వాడీలది ఇంకా తమాషా. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో సమ్మెకు దిగేదాకా వాళ్లది గౌరవ వేతనం మీద చేసే సేవ. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది, అత్యవసర సర్వీసుల్లో సమ్మెను నిషేధించే చట్టం. అంటే వాళ్లది అత్యవసర సర్వీసన్నమాట! జీతం అడిగితే ఉద్యోగులే కానివాళ్లు, పని ఆపేసరికి అత్యవసరమైపోయారు. 42 రోజులు నడిచిందా సమ్మె. 'గౌరవ వేతనం' అన్న మాటను ఒక్క కథకుడైనా విప్పి చూస్తాడేమోనని ఎదురుచూశాను. మార్చి 8 ప్రత్యేక సంచికలు మాత్రం ఠంచనుగా వచ్చాయి, ముఖచిత్రం మీద గులాబీతో.

కలం పేరు గురించి అడిగావు. పోటీకి పంపాలా, పత్రికకు పంపాలా అనీ అడిగావు. అవి నన్ను అడక్కు.

ఆ చివరి పేజీ తీసెయ్. ఊరంతా ఆవిడ కాళ్లకు దండం పెట్టడం, ఆవిడ కళ్లు తుడుచుకోవడం, సూర్యోదయం. నువ్వు కథ ముగించిన చోట ఆవిడ పనికి ఇంకా 42 రోజులుంది. ఆసుపత్రిలో కాన్పయినా మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండు, ఆరుసార్లు ఆ ఇంటికి వెళ్లాలి. బిడ్డను సంచిలో పడుకోబెట్టి స్ప్రింగు కాటాకు తగిలించి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. జ్వరం చూడాలి, బొడ్డు చూడాలి, తల్లి పాలిస్తోందో లేదో చూడాలి, రాయాలి. ఆరు దఫాలకూ కలిపి 250.

నువ్వు జాకెట్లో దాచిన రిజిస్టరు ఆవిడకు మళ్లీ కావాల్సింది ఆ మూడో రోజునే. తడిసిందా? పేజీలు అంటుకుపోయాయా? వాగు తగ్గిందా, మళ్లీ దిగాల్సి వచ్చిందా? ఆరో పేజీ దగ్గర నుంచి తిరగరాసి పంపు.