మా ఏజెంటు సంతకం పెట్టమంటున్నాడు, పెట్టాలా వద్దా?

ఈ నెల మెయిళ్లు తెరిస్తే అందరిదీ ఒకటే గోల, అమెరికాలో ఇల్లు చూడ్డానికి బయల్దేరితే గుమ్మం తొక్కకముందే ఏజెంటు కాయితం మీద సంతకం అడుగుతున్నాడని. మూడు ప్రశ్నలు తీసుకున్నా. మొదటిదానికి జవాబు కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

ప్రశ్న: నమస్తే అండి. మేము ఫ్రిస్కోలో (టెక్సస్) అద్దెకి ఉంటున్నాం, మొదటి ఇల్లు కొందామని చూస్తున్నాం. తెలిసినవాళ్ల ద్వారా ఒక తెలుగు ఏజెంటు దొరికాడు, అన్నా అన్నా అంటూ బాగానే మాట్లాడతాడు. శనివారం రెండు ఇళ్లు చూపిస్తానన్నాడు, శుక్రవారం రాత్రి పది దాటాక ఫోన్‌కి ఒక డాక్యుమెంట్ పంపి "సైన్ చేసేయ్ అన్నా, ఫార్మాలిటీ అంతే" అన్నాడు. తీరా చూస్తే అందులో ఆరు నెలలు, 3 శాతం, ఎక్స్‌క్లూజివ్ అని ఉంది. మా ఫ్రెండ్స్ 2021లో కొన్నప్పుడు ఇలాంటివేం లేవట, ఏజెంటుకి డబ్బులు అమ్మేవాళ్లే ఇస్తారు, మనకి ఫ్రీ అన్నారు. ఇది నిజంగా కొత్త రూలా, లేక మావాడు మమ్మల్ని ఇరికిస్తున్నాడా?

జవాబు: రూలు కొత్తదే అండి, కాయితం అడగడంలో ఆయన తప్పేం లేదు. కానీ ఆ ఆరు నెలలు, ఆ 3 శాతం రూలులో లేవు, అవి మీ ఏజెంటు నింపి పంపినవి. అక్కడే ఉంది అసలు విషయం.

మీ ఫ్రెండ్స్ కొన్న రోజుల్లో ఎలా ఉండేదంటే, అమ్మేవాళ్లు తమ ఏజెంటుతో 5, 6 శాతం కమిషన్ అని మాట్లాడుకునేవాళ్లు, అందులో సగం వరకు కొనేవాళ్లని తెచ్చిన ఏజెంటుకి పోయేది, ఎవరికెంతో ఎంఎల్ఎస్‌లో, అంటే ఏజెంట్లంతా చూసుకునే లిస్టింగుల పట్టికలో, ముందే రాసుండేది. ఫ్రీ అనేది మాటవరసకే, ఆ డబ్బు వచ్చేదే మీరు కట్టే ధరలోంచి. దీనిమీద మిస్సోరీలో ఇళ్లు అమ్ముకున్నవాళ్లు కేసు వేస్తే 2023 అక్టోబర్ 31న కాన్సస్ సిటీలో జ్యూరీ దాదాపు 180 కోట్ల డాలర్ల నష్టపరిహారం అంది, ఆ దెబ్బకి ఏజెంట్ల జాతీయ సంఘం, నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్, 2024 మార్చిలో 41 కోట్ల 80 లక్షల డాలర్లకి రాజీకొచ్చింది. ఆ రాజీ వల్ల 2024 ఆగస్టు 17 నుంచి రెండు మారాయి. కొనేవాళ్ల ఏజెంటుకి ఇంతిస్తాం అని ఎంఎల్ఎస్‌లో పెట్టడం కుదరదు, ఇల్లు చూపించడానికి ముందే ఏజెంటు కొనేవాళ్లతో రాతకోతలు చేసుకోవాలి. వీడియో కాల్‌లో లైవ్‌గా చూపించినా అదే లెక్క. మీ టెక్సస్‌లో అయితే 2026 జనవరి 1 నుంచి స్టేట్ చట్టం కూడా ఇలాంటి రాతపూర్వక అగ్రిమెంట్ ఉండాలంటోంది.

ఆ కాయితంలో ఏముండాలో కూడా రాజీలో చెప్పారు. ఏజెంటుకి వచ్చేది ఎంతో స్పష్టంగా ఉండాలి, శాతమో, ఒక మొత్తమో, గంటకింతో, ఏదైనా సరే కానీ "అమ్మేవాళ్లు ఎంతిస్తే అంత" అని వదిలేయకూడదు. అక్కడ రాసినదానికంటే ఒక్క డాలరు ఎక్కువ ఆయన ఎక్కడినుంచీ తీసుకోకూడదు, 2.5 అని రాసుకున్నాక అమ్మేవాళ్లు 3 ఇస్తామన్నా ఆ అర శాతం ఆయన జేబులోకి పోదు. ఇంకోటి, కమిషన్ అనేది చట్టం పెట్టిన రేటు కాదు, మాట్లాడుకోవచ్చు అని అందులోనే కనిపించేలా రాసుండాలి. మీకు పంపిన డాక్యుమెంట్‌లో వెతకండి, ఆ లైన్ ఉంటుంది. ఆ లైన్ ఉన్న కాయితాన్నే పంపి ఫార్మాలిటీ అంటున్నాడంటే నాకు నవ్వొచ్చింది, కోపం కూడా వచ్చిందనుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. 4,50,000 డాలర్ల ఇల్లు, మీరు 2.5 శాతానికి సంతకం పెట్టారనుకుందాం, అంటే 11,250. అమ్మేవాళ్లు కొనేవాళ్ల ఏజెంటుకి 2 శాతం, 9,000, ఇస్తాం అన్నారు, ఎంఎల్ఎస్‌లో రాయకూడదు గానీ బయట మాట్లాడుకుని ఇవ్వడానికి అడ్డేం లేదు. మిగతా 2,250 ఎవరు కట్టాలి? మీ అగ్రిమెంట్ ప్రకారం మీరే. అమ్మేవాళ్లు పైసా ఇవ్వనంటే 11,250 మొత్తం మీదే. ఇది మామూలుగా లోన్‌లో కలపనివ్వరు, క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మీ పేరు మీదకి మారే రోజు, డౌన్ పేమెంట్‌తో పాటు చేతినుంచి పెట్టుకోవాలి, అసలే మొదటి ఇల్లు కొనేవాళ్ల దగ్గర ఆ రోజుకి అకౌంట్ ఊడ్చిపెట్టుకుపోయి ఉంటుంది. అందుకని ఆఫర్, అంటే ఇంతకి కొంటాం అనే రాత, పెట్టేటప్పుడే "మా ఏజెంటు కమిషన్ అమ్మేవాళ్లు ఇవ్వాలి" అని ఆఫర్‌లోనే రాయించండి. ప్రతి ఇంటికీ ముందు మీ ఏజెంటుని అడగండి, ఇక్కడ వాళ్లు ఎంతిస్తున్నారు, తేడా వస్తే నువ్వు తగ్గించుకుంటావా మేం కట్టాలా అని. తగ్గించుకుంటానంటే అది కూడా రాతలో. నోటిమాట క్లోజింగ్ టేబుల్ దాకా రాదు.

ఎక్స్‌క్లూజివ్ అంటే ఏంటంటే, ఆ గడువులో మీరు ఏ ఇల్లు కొన్నా, ఆయన చూపించినా, మీ బావమరిది చూపించినా, కమిషన్ ఆయనకే. మీకు తగిన ఏజెంటని తేలాక ఇది తప్పేం కాదు, ఆయన కూడా పెట్రోలు పోసుకుని వారాంతాలన్నీ మీతో తిరుగుతాడు కదా, చివర్లో మీరు ఇంకొకరి దగ్గర కొంటే ఆయనకేం మిగులుతుంది. కానీ మనిషిని ఇంకా కలవనే లేదు, ఆరు నెలల కాపురానికి ఒప్పుకోమంటే ఎలా?

ఆ ఆరు నెలలు అయిపోయాక కూడా ఒక తోక ఉంటుంది, చాలామంది చూడరు. గడువు తీరాక కూడా ఇన్ని రోజుల్లోపు, ఏజెంటు మీకు చూపించిన ఇల్లు కొంటే కమిషన్ ఇవ్వాల్సిందే అనే క్లాజు. న్యాయమే, కాకపోతే ఆ రోజులు ఎన్నో చూడండి, ఏ ఇళ్లకి వర్తిస్తుందో లిస్టు రాసివ్వాలని పెట్టించండి, లేకపోతే ఆయన మెసేజ్‌లో ఫార్వర్డ్ చేసిన ప్రతి లింకూ ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. ఇంకా, ఏరియా ఏమని రాశారో చూడండి, ఒక్క ఫ్రిస్కోనా, మొత్తం టెక్ససా. నేను నా మొదటి ఇంటికి ఇవేవీ చదవకుండా పార్కింగ్ లాట్‌లో కారు బానెట్ మీద సంతకం పెట్టినవాణ్ణే, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా.

మరి శనివారం సంగతి అంటారా. ఆ రెండు ఇళ్లకి మాత్రమే, లేదా ఒక్క వారానికి, ఎక్స్‌క్లూజివ్ కాకుండా చిన్న అగ్రిమెంట్ అడగండి. ఇలాంటివి ఉంటాయి, మీరు అడగందే ఎవరూ ముందు పెట్టరంతే. ఇలా రాయండి: "తమ్ముడూ, నీ మీద నమ్మకం లేక కాదు, ముందు ఈ రెండిళ్లు చూద్దాం, వీటి వరకే రాసి పంపు, పని కుదిరితే వచ్చేవారం మూడు నెలలకి సంతకం పెడతా, రేటు కూర్చుని మాట్లాడుకుందాం." పనిమంతుడైతే నొచ్చుకోడు. నొచ్చుకున్నాడంటే, రేపు అమ్మేవాళ్లతో మీ తరఫున బేరం ఆడేది ఈయనే అని గుర్తుపెట్టుకోండి.

ఒకవేళ ఆయనకి అదీ ఇష్టం లేకపోతే, ఓపెన్ హౌస్‌కి, అంటే అమ్మకానికున్న ఇంటిని ఎవరైనా వచ్చి చూడొచ్చని తెరిచిపెట్టినప్పుడు, మీ అంతట మీరు వెళ్లి చూడ్డానికి ఏ సంతకమూ అక్కర్లేదు. ఏజెంటుని కలిసి నువ్వేం చేస్తావు, ఎంత తీసుకుంటావు అని ఇంటర్వ్యూ చేయడానికీ అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి.

ప్రశ్న: మేడమ్, మాది ఫ్రీమాంట్, కాలిఫోర్నియా. ఏజెంటుతో సంతకం పెట్టి రెండు నెలలైంది, మెసేజ్ పెడితే మూడు రోజులకి జవాబు. విసుగొచ్చి మేమే ఓపెన్ హౌస్‌కి వెళ్తే ఒక ఇల్లు బాగా నచ్చింది. అక్కడున్న అమ్మేవాళ్ల ఏజెంటు "ఆవిడతో ఎందుకు, నా ద్వారానే ఆఫర్ పెట్టండి, కమిషన్ మిగులుతుంది" అంటున్నాడు. పెట్టేయొచ్చా?

జవాబు: ముందుగా, నేను మేడమ్‌ని కాదండి, సార్‌ని, పర్లేదు.

ఆగండి, ఈ రోజే పెట్టకండి. మీ అగ్రిమెంట్ ఎక్స్‌క్లూజివ్ అయితే ఆయన ద్వారా కొన్నా ఆవిడకి కమిషన్ బాకీ పడతారు, మిగలడం సంగతి దేవుడెరుగు. డాక్యుమెంట్ తీసి రద్దు గురించి ఏం రాశారో చూడండి, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, డబ్బు ఏమైనా కట్టాలా అని. ఇంకో ముఖ్యమైన సంగతి, మీ ఒప్పందం నిజానికి ఆవిడతో కాదు, ఆవిడ పనిచేసే బ్రోకరేజ్ కంపెనీతో. కాబట్టి అక్కడి బ్రోకర్‌కి మెయిల్ పెట్టండి, ఏ తేదీన మెసేజ్ పెడితే ఏ తేదీన జవాబు వచ్చిందో రాసి, వేరే ఏజెంటుని ఇవ్వండి లేదా మమ్మల్ని రాతపూర్వకంగా రిలీజ్ చేయండి అని. కోపంగా ఉన్న కస్టమర్‌ని కట్టేసి ఉంచుకోవాలని ఎవరికీ ఉండదు, మర్యాదగా అడిగితే వదిలేసేవాళ్లు చాలామందే ఉంటారు.

మీకు కలిసొచ్చే విషయం, 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో వ్యక్తులతో చేసుకునే ఇలాంటి అగ్రిమెంట్ మూడు నెలలు మించకూడదు, దానంతటదే పొడిగింపు అయ్యేలా రాయకూడదు, పొడిగించాలంటే మళ్లీ అందరూ సంతకాలు పెట్టాలి. అంటే మహా అయితే ఇంకో నెల. అయితే పైన చెప్పిన తోక క్లాజు మీకూ ఉండొచ్చు, అది చదివాకే తారీఖులు లెక్కేసుకోండి.

ఇక ఆ ఓపెన్ హౌస్ పెద్దమనిషి. కాలిఫోర్నియాలో ఒకే ఏజెంటు రెండు వైపులా ఉండొచ్చు, ఇద్దరికీ తెలియజేసి ఒప్పుకోలు తీసుకోవాలి అంతే. కానీ ఆయన్ని పెట్టుకుంది అమ్మేవాళ్లు, ఎంతకి దిగుతారో తెలిసినా వాళ్ల అనుమతి లేకుండా మీకు చెప్పకూడదు. ఫ్లోరిడా, కొలరాడో లాంటి చోట్ల ఒకే మనిషి ఇలా ఇద్దరికీ ఏజెంటుగా ఉండటమే కుదరదు. మిగులుతుంది అన్న కమిషన్ ఎవరికి మిగులుతుందో, మీ ధరలో ఎంత తగ్గుతుందో అంకె వేసి రాసిమ్మని అడిగి చూడండి.

ప్రశ్న: డాలస్ దగ్గర కొత్త కమ్యూనిటీలో బిల్డర్ ఇల్లు బుక్ చేద్దామనుకుంటున్నాం. ఏజెంటు 1 శాతం క్యాష్‌బ్యాక్ ఇస్తానన్నాడు, మన తెలుగువాళ్లే, నమ్మొచ్చా? మేము ఆదివారం మోడల్ హోమ్ చూసి వచ్చాం ఆల్రెడీ.

జవాబు: తెలుగువాళ్లయినా కాకపోయినా కాయితం మీదకి ఎక్కించండి. టెక్సస్‌లో కొనేవాళ్లకి ఇలా కమిషన్‌లో వాటా వెనక్కివ్వడం చట్టబద్ధమే, కొన్ని స్టేట్స్‌లో మాత్రం నిషేధం. శాతం ఎంత, దేనిమీద లెక్క, ఇంటి ధర మీదా ఆయన కమిషన్ మీదా, క్లోజింగ్‌లో సర్దుతారా తర్వాత చెక్కు ఇస్తారా, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించండి, లోన్ ఇచ్చేవాళ్లకి కూడా ముందే చెప్పండి, క్లోజింగ్ కాయితాల్లో కనపడని డబ్బు వాళ్లకి తలనొప్పి, మీకు ఇంకా పెద్ద తలనొప్పి.

మీకు అసలు చిక్కు ఆదివారంతో వచ్చింది. చాలామంది బిల్డర్లు మొదటిసారి వచ్చినప్పుడే ఏజెంటు పేరు నమోదు చేయించాలంటారు, ఏజెంటు లేకుండా వెళ్లి విజిటర్ ఫారం నింపేస్తే తర్వాత ఆయనకి కమిషన్ ఇవ్వమని మొండికేస్తారు. బిల్డర్ ఇవ్వకపోతే మీ అగ్రిమెంట్ ప్రకారం ఆయనకి కట్టాల్సింది మీరు అవుతారు, ఇక క్యాష్‌బ్యాక్ ఎక్కడిది. కాబట్టి ఏజెంటుతో సంతకం పెట్టేముందు బిల్డర్ సేల్స్ ఆఫీసుకి ఫోన్ చేసి, మా ఏజెంటుని ఇప్పుడు చేర్చుకుంటారా, ఆయనకి ఎంతిస్తారు అని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.