సిస్టమ్‌కి పరిధా, సరిహద్దా?

సందేహం: మా టీమ్‌లో సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్ తెలుగులో రాస్తున్నామండీ. సిస్టమ్ బౌండరీ (మా సిస్టమ్ ఎక్కడ ఆగి బయటివి ఎక్కడ మొదలవుతాయో ఆ గీత) అనే చోట ఒకరు 'పరిధి' అంటారు, ఇంకొకరు 'సరిహద్దు' అంటారు. ఎక్స్‌టర్నల్ ఇంటర్‌ఫేస్‌కి (బయటి సిస్టమ్‌లతో మాది కలిసే చోటు) 'బాహ్య అంతర్ముఖం' అని పెట్టాం, చదివినవాళ్లకి అర్థం కావట్లేదు. ఏం రాయాలి?

సమాధానం: రెండు మాటలూ మంచివే, కానీ రెండూ ఒకటి కాదండీ, మీవాళ్లు చెరో విషయం గురించి మాట్లాడుతున్నారు. రెండిటికీ 'లో' తగిలించి చూడండి. 'మా పరిధిలో ఉంది' అంటే లోపల ఉందని. 'సరిహద్దులో ఉంది' అంటే లోపల ఉందని కాదు, గీత దగ్గర, అంచున ఉందని. లెక్కల పుస్తకంలో అయితే వృత్త పరిధి అంటే చుట్టూ ఉండే గీతే, సంస్కృతంలో 'పరి' అంటేనే చుట్టూ అని కదా, కానీ వాడుకలో ఆ మాట గీత మీంచి లోపలికి జరిగింది, ఇప్పుడు పరిధి అంటే లోపలున్నదంతా. సరిహద్దు మాత్రం గీతగానే ఉండిపోయింది, పైగా అవతల ఇంకెవరో ఉన్నారని ఆ మాటే చెప్పేస్తుంది. (ఇందులో 'సరి'కి మన సరిసమానంతో సంబంధం లేదు, పర్షియన్ 'సర్‌హద్' మన నోట్లో ఇలా మారింది.)

యూఎంఎల్ యూజ్ కేస్ బొమ్మ (సిస్టమ్‌ని ఎవరు ఏ పనికి వాడతారో చూపించేది) గీసి ఉంటారు కదా, అందులో డబ్బా గీత సరిహద్దు, డబ్బా లోపల పడ్డ పనులు పరిధి, బయట నిలబడ్డ యాక్టర్లు (సిస్టమ్‌ని వాడే మనుషులు, వేరే సిస్టమ్‌లు) గీతకి అవతలివాళ్లు. ఆర్క్42 టెంప్లేట్ (ఆర్కిటెక్చర్ డాక్యుమెంట్లకి రెడీమేడ్ నమూనా) వాడుతుంటే అందులో 12 భాగాల్లో మూడోది కాంటెక్స్ట్, స్కోప్ గురించి, ఆ స్కోప్‌కి పరిధి అనే రాయండి. 'డబ్బు వాపస్ ఇవ్వడం మా సిస్టమ్ పరిధిలోది కాదు', 'పేమెంట్ గేట్‌వేకి రిక్వెస్ట్ చేరడంతో మా హద్దు అయిపోతుంది', ఇలా రాస్తే ఎవరికీ అనుమానం రాదు. సరిహద్దు బరువనిపిస్తే ఉత్త హద్దు చాలు. పరిమితిని మాత్రం ఇక్కడికి తేకండి, అది ఫైల్ సైజు ఎంత దాటకూడదు లాంటి వాటికి.

ఇంక ఇంటర్‌ఫేస్. 'అంతర్' అంటే మధ్య అనే అర్థం ఉంది, అంతర్జాతీయంలో ఉన్నది అదే, అందుకే మీవాళ్లు అలా కట్టారు, తప్పనను. కానీ అంతర్ముఖుడు అంటే తనలోకి తాను చూసుకునేవాడని తెలుగులో ఎప్పుడో స్థిరపడిపోయింది, దాని ముందు 'బాహ్య' పెడితే ఒకే మాట బయటికీ లోపలికీ తిరిగినట్టుంటుంది. ఇంటర్‌ఫేస్ అనే రాసేయండి, 'బయటి ఇంటర్‌ఫేస్‌లు' అంటే చాలు. అనుసంధానం అనొచ్చా అంటే, అది కలిపే పని, కలిసే చోటు కాదు.

నాకు మాట కన్నా విభక్తి మీద ఎక్కువ పట్టింపు. ఇలాంటి డాక్యుమెంట్లలో 'మన సిస్టమ్‌కి ఎస్ఎంఎస్ సర్వీసుతో కనెక్షన్ ఉంటుంది' లాంటి వాక్యాలు చాలా కనిపిస్తాయి. ఎవరు ఎవరికి పంపుతున్నారు? 'తో' అనేసరికి దిక్కు పోయింది. 'మా సిస్టమ్ ఎస్ఎంఎస్ సర్వీసుకి నంబరూ మెసేజీ పంపుతుంది, సర్వీసు నుంచి డెలివరీ స్టేటస్ తీసుకుంటుంది' అని రాయండి, 'కి', 'నుంచి' రెండూ బొమ్మలో బాణాలు చేసే పనే చేస్తాయి.

అందులో ఇంకో చిక్కు 'మన'. తెలుగులో 'మన' అంటే చదివేవాళ్లని కూడా కలుపుకున్నట్టు, 'మా' అంటే వాళ్లని బయట పెట్టినట్టు. ఈ డాక్యుమెంట్‌ని పేమెంట్ గేట్‌వే (డబ్బు చెల్లింపులు జరిపే బయటి సర్వీసు) నడిపే టీమ్ కూడా చదువుతుంది, 'ఫెయిలైతే మన సర్వర్ మళ్లీ ట్రై చేస్తుంది' అని రాస్తే వాళ్లు తమ సర్వర్ అనుకోవచ్చు, మీరు మీ సర్వర్ అనుకోవచ్చు, చివరికి ఇద్దరూ ట్రై చేసి డబ్బు రెండుసార్లు కట్ అవ్వచ్చు, లేదా ఎవరూ చెయ్యకపోవచ్చు. 'మా' అంటే కొంత నయం, సిస్టమ్ పేరే రాస్తే ఇంకా నయం. బౌండరీకి ఏ మాట వాడాలో తేల్చుకునే ముందు ఆ 'మన'లన్నీ వెతికి మార్చండి, మీ సరిహద్దు నిజంగా చెరిగిపోతున్నది అక్కడ.