మోయగలిగే పడవే ఎందుకు తిరగబడుతుంది?

ప్రశ్న: వానాకాలంలో నాగావళి దాటాలంటే మాకు నాటు పడవే దిక్కు. ఇరవై మందితో నిక్షేపంగా వచ్చిన పడవ, రేవులో అందరూ లేచేసరికి తిరగబడబోయింది. బరువేమీ పెరగలేదు కదా?
– ఒక పాఠకురాలు, బూర్జ

జవాబు: బరువు పెరగలేదు, ఎత్తుకు చేరింది. అడుగున కూర్చున్న మనిషి బరువు సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నట్టు లెక్క. నిలబడితే బొడ్డు దాకా, అంటే 95 సెంటీమీటర్లకు పోతుంది. తలకు 65 కిలోల చొప్పున ఇరవై మంది 1,300 కిలోలు. పడవ 500 కిలోలనుకుంటే, అందరూ ఒక్కసారి లేచినప్పుడు మొత్తం గరిమనాభి, అంటే బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కగట్టే బిందువు, మూరెడు పైకి జరుగుతుంది. ఇక కాస్త ఒరిగినా, పడవను తిరిగి నిలబెట్టే బలం నీటికి చాలదు. పైగా అందరూ దిగే వైపుకే తోసుకొస్తారు!

అడుగున నిలిచిన నీటిని ఎవరూ పట్టించుకోరు. ఆరు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు పడవలో 10 సెంటీమీటర్ల నీరంటే ఏడెనిమిది వందల లీటర్లు. టిక్కెట్టు లేని పదిమంది ఎక్కినట్టే. వీళ్లు ఒకచోట కూర్చోరు కూడా, పడవ ఎటు ఒరిగితే అటే పరుగెడతారు.

అందుకే బయల్దేరే ముందు నీళ్లు పూర్తిగా తోడించండి. బస్తాలు అడుగున, మధ్యలో ఉండాలి. మోటారు సైకిల్‌కు స్టాండు వేస్తే చాలదు, రెండు వైపులా తాడు కట్టాలి. నీటి మీద పడవ అంచు జానెడైనా కనిపించకపోతే ఎక్కకండి. రేవులో ముందూ వెనకా కట్టాకే ఒక్కొక్కరు లేవాలి.

ప్రశ్న: అంతంత పెద్ద ఫెర్రీలు నిమిషాల్లో ఎలా పడిపోతాయి?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: అక్కడా నీరు పరుగెత్తడమే. ఫెర్రీలో వాహనాలు నిలిపే అంతస్తు, అంటే డెక్కు, అడ్డుగోడల్లేని పొడవాటి హాలు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగ్ రేవు నుంచి ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ ముందు తలుపులు మూయకుండానే బయల్దేరింది. నీరు ఆ డెక్కు మీదికి చొరబడింది; 193 మంది చనిపోయారు. డెక్కు మధ్యలో పొడవునా ఒక్క గోడ ఉంటే నీటి ఊపు ప్రభావం నాలుగో వంతుకు తగ్గుతుంది. లారీలకు అడ్డమని పెట్టరు. 2014లో దక్షిణ కొరియా ‘సెవోల్’ది వేరే దారి: మితిమీరిన సరుకు, సరిగా కట్టని కంటైనర్లు, ఆ బరువుకు వీలుగా తగ్గించిన బ్యాలస్ట్ నీరు (ఓడ నిలకడ కోసం అడుగున నింపేది). 304 మంది పోయారు.

ప్రశ్న: నది సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు ఎందుకు పల్టీ కొడుతుంది?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: ఒడ్డుకు వచ్చేటప్పుడే ఎక్కువ. ఇసుక మేట మీద అల నిటారుగా లేచి బోటు వెనక భాగాన్ని ఎత్తుతుంది. చుక్కానికి పట్టు పోయి బోటు అడ్డం తిరుగుతుంది. తర్వాతి అల పక్కటెముకల మీదే కొడుతుంది. మేట బయటే ఆగి, పెద్ద అలలు పోనిచ్చి, ఒక అల వీపు మీద దాన్ని దాటిపోకుండా వేగం సర్దుకుంటూ లోపలికి రావాలి. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ ముందే బిగించండి. తిరగబడితే ఒడ్డు దగ్గరే కదా అని ఈదకండి. చెక్క పడవ బోర్లా పడ్డా తేలుతుంది, దాన్నే పట్టుకోండి.