వాచీ పగల్లేదు, మామయ్యగారే మాట మానేశారు

ప్రశ్న: మేం ఫ్లోరిడాలో ఉంటాం. నా వయసు 38. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాబుకి 11 ఏళ్ళు, పాపకి ఈమధ్యే 7 నిండాయి. నాలుగు నెలల క్రితం తెనాలి నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. మామయ్యగారు లెక్కల మాస్టారుగా చేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పాప పుట్టినరోజుకి అందరం ఓర్లాండోలో ఒక కామెడీ మ్యాజిక్ డిన్నర్ షోకి వెళ్ళాం. టికెట్లు నేనే బుక్ చేశాను. మాది స్టేజీ పక్క టేబుల్. మెజీషియన్ మామయ్యగారిని పైకి పిలిచాడు. పేరు చెబితే పలకలేక ‘మిస్టర్ ఆల్ఫాబెట్’ అన్నాడు. జనం నవ్వితే, అర్థం కాకపోయినా ఆయనా నవ్వారు. తర్వాత ఆయన చేతి వాచీ అడిగి తీసుకుని, గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టాడు. అది రిటైరైనప్పుడు విద్యార్థులు ఇచ్చిన వాచీ. మామయ్యగారు ‘నో నో, ప్లీజ్’ అంటూ అతని చెయ్యి పట్టుకోబోయారు. హాలంతా ఒకటే నవ్వు. చివరికి వాచీ ఒక బ్రెడ్డులోంచి భద్రంగా బయటికి వచ్చింది. మావారు అదంతా వీడియో తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గుంటూరు నుంచి మావారి బాబాయిగారు ‘మాస్టారికే పాఠం చెప్పాడే’ అని రాశారు. మూడు వారాలుగా మామయ్యగారు గదిలోనే భోంచేస్తున్నారు. వాచీ పెట్టుకోవడం లేదు. వచ్చిన కొత్తలో పిల్లలకి లెక్కల గమ్మత్తులు చూపించేవారు, అదీ మానేశారు. టికెట్ ముందుకి మార్చమంటున్నారు. మావారేమో ‘జోక్‌ని జోక్‌లా తీసుకోవాలి, సారీ దేనికి?’ అంటారు. అత్తయ్యగారు ‘అక్కడికి తీసుకెళ్ళింది నువ్వేగా’ అంటున్నారు. నిన్న పాప ‘నా బర్త్‌డే చేయకుండా ఉంటే బాగుండేది’ అంది. నేనేం చేయాలి?
ఒక కోడలు

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పాప మాట దగ్గరే ఆగిపోయాను. పెద్దవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పిల్ల సంగతి చూడండి. ఏడేళ్ళ పిల్లలు ఇంట్లో ఏం జరిగినా అది తమ వల్లే జరిగిందనుకుంటారు. పుట్టినరోజు తనది, మ్యాజిక్ చూస్తానన్నదీ బహుశా తనే, తాతయ్య అలిగింది ఆ రాత్రే. లెక్క సరిపోయిందని అనుకుంది. ఇవాళ పడుకునే ముందు పక్కన కూర్చుని, ‘తాతయ్యకి కోపం వచ్చింది నీ మీద కాదు, ఆ రోజు పెద్దవాళ్ళం ఒక పొరపాటు చేశాం, అది మేమే సరిచేసుకుంటాం’ అని చెప్పండి. ‘నువ్వు వెళ్ళి తాతయ్యని నవ్వించు’ అని మాత్రం పంపకండి. మన ఇళ్ళలో అలిగినవాళ్ళ దగ్గరికి పిల్లల్ని రాయబారం పంపడం అలవాటు. అది చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది, కానీ బరువంతా ఆ పిల్ల మీద పడుతుంది.

ఇక మామయ్యగారి సంగతి. మీవారు జోక్ అంటున్నారని రాశారు. తెలుగులో జోక్ అనే ఒక్క మాట కింద ఎన్ని రకాలున్నాయో చూడండి: హాస్యం, పరాచికం, వేళాకోళం, వెటకారం, ఎగతాళి. మన పెద్దవాళ్ళు వీటిని కలిపేసుకోరు. ఎవరు ఎవర్ని ఎంతవరకు అనొచ్చో వాళ్ళకి బాగా తెలుసు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి విందు గుర్తు తెచ్చుకోండి. విస్తళ్ళ ముందు వియ్యపురాలిని కూర్చోబెట్టి పాటలు కట్టి మరీ ఆడిపోసుకునేవారు. ఆవిడ ముసిముసిగా నవ్వుతూనే అరిసె తుంచుకునేది. పాడుతున్న ప్రతి మాటా ఆవిడకి అర్థమయ్యేది, తిరిగి అనే నోరు ఉండేది, పక్కన తనవైపు జనం ఉండేవాళ్ళు. ఓర్లాండో స్టేజీ మీద మీ మామయ్యగారికి ఈ మూడూ లేవు. భాష అందలేదు, తిరిగి అనలేకపోయారు, తనవైపు ఉండాల్సిన కొడుకు ఫోన్ వెనక నిలబడి నవ్వుతున్నాడు.

ఆ మెజీషియన్ని నేను పెద్దగా తప్పుపట్టను. అతని వృత్తి అది. కామెడీ మ్యాజిక్ చేసేవాళ్ళు స్టేజీ మీదకి ఎవరిని పిలవాలో జనం కూర్చుంటుండగానే చూసుకుంటారు. చెయ్యెత్తి ‘నేను నేను’ అని గెంతేవాడు వాళ్ళకి పనికిరాడు, తనే కమెడియన్ అయిపోతాడు. నలగని చొక్కా వేసుకుని, నిటారుగా కూర్చుని, ముఖంలో పెద్దరికం ఉన్న మనిషి కావాలి. పెద్దరికం ఉన్నచోటే కంగారు పుడితే నవ్వొస్తుంది కాబట్టి. మీ మామయ్యగారిని ఎంచుకోవడం ఒకరకంగా ఆయన హుందాతనానికి మెప్పే. అరువు వాచీని పగలగొట్టినట్టు చూపించడం కూడా కొత్తదేం కాదు. 19వ శతాబ్దంలోనే యూరప్ స్టేజీల మీద ప్రేక్షకుల వాచీ అడిగి తీసుకుని రోట్లో వేసి దంచేవాళ్ళు, తర్వాత దాన్ని చెక్కుచెదరకుండా మరోచోట నుంచి తీసేవాళ్ళు. సుత్తి పడేసరికి అసలు వాచీ ఆ గుడ్డలో ఉండదు. కానీ ఆ సంగతి వాచీ యజమానికి తెలియకూడదు. ఆయన నిజంగా భయపడితేనే ఆ ఐటమ్ పండుతుంది.

మామయ్యగారి తరం చూసిన గారడీ వేరు. సంతలోనో, స్కూలు ఆవరణలోనో డప్పు కొట్టి ‘బాబూ, దొరా’ అంటూ జనాన్ని పోగేసేవాడు. బుట్టలో మాయమయ్యేదీ, గుడ్డ కింద పడుకుని జవాబులు చెప్పేదీ అతని కొడుకే. చూసేవాళ్ళు పెద్దలు, ఆడేవాడు చేయి చాచేవాడు. ఇక్కడ తారుమారైంది. డబ్బు కట్టి లోపలికి వెళ్ళిన పెద్దమనిషి స్టేజీ మీద చేతులు జోడించినంత పని చేశాడు.

‘అంత చదువుకున్నాయన ట్రిక్కుకి అలా కంగారుపడతారా’ అని మీ ఆయన అంటే ఈ సంగతి చెప్పండి. 1956 ఏప్రిల్ 9న మన మెజీషియన్ పి.సి. సర్కార్ బ్రిటన్‌లో బీబీసీ టీవీ పనోరమా కార్యక్రమంలో ఒక అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టి రంపంతో కోసినట్టు చూపించారు. ఆమెని పిలిస్తే పలకలేదు. అంతలో వ్యాఖ్యాత రిచర్డ్ డింబుల్బీ కెమెరా ముందుకి వచ్చి కార్యక్రమం ముగిసిందనేశాడు. అమ్మాయి నిజంగానే చచ్చిపోయిందని భయపడి జనం బీబీసీకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. సోఫాలో కూర్చుని, సొంత భాషలో చూస్తున్నవాళ్ళే అలా హడలిపోతే, తన సొంత వాచీ మీద సుత్తి పడుతుంటే చూస్తున్న మాస్టారు కంగారుపడటంలో వింతేముంది? ఇంద్రజాలం కళ్ళతో పాటు మన నమ్మకంతోనూ ఆడుకుంటుంది. మన హైదరాబాదులో మ్యాజిక్ చేసిన బి.వి. పట్టాభిరామ్ గారే హిప్నాటిజం కూడా చేశారు, జనానికి వ్యక్తిత్వ వికాసం పాఠాలూ చెప్పారు. ఆ పనులన్నీ ఇరుగుపొరుగువే అని నాకనిపిస్తుంది.

అయినా మీ మామయ్యగారికి నొప్పి సుత్తి దగ్గర మొదలవలేదు. ఆ నాలుగు నెలలు చూడండి. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల జీవితం నాకు చాలా ఉత్తరాల్లో పరిచయమే. మొదటి నెల బీచ్‌లు, గుళ్ళు, ఫొటోలు. రెండో నెల నుంచి కిటికీ. తెనాలిలో పాలప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళొచ్చేలోపు పదిమంది ‘నమస్కారం మాస్టారూ’ అనే మనిషి, అక్కడ కొత్తిమీర కట్ట కావాలన్నా కొడుకుకి శనివారం రావాలి. కారు నడపలేరు, బస్సు ఉండదు. డాక్టరు దగ్గర ఆయన మాట కొడుకు చెబుతాడు. హోటల్లో ఆయనకేం కావాలో మనవడు చెబుతాడు. నలభై మంది టీచర్ల చేత సంతకాలు పెట్టించిన మనిషికి ఇదంతా ఎలా ఉంటుందో ఊహించండి. అప్పటికే ఆయన చాలా మింగి ఉంటారు. ఆ రాత్రి పేరు కూడా పోయింది. తెలుగువాడికి ఇంటిపేరుతో సహా పేరు పలకడం ఒక గౌరవం. దాన్ని ఒక పరాయి మనిషి ‘ఆల్ఫాబెట్’ అంటే, అర్థం కాక ఆయన కూడా నవ్వారు. తర్వాత ఎవరో విడమరిచి చెప్పి ఉంటారు. తనని తానే చూసి నవ్వుకున్నానని తెలిసిన క్షణం ఉంటుంది చూడండి, అది గట్టిగా తగులుతుంది. ఆపైన గుంటూరు తమ్ముడి వ్యాఖ్య. అమెరికా హాల్లో నవ్విన జనం ఆయనకి మళ్ళీ కనపడరు, గుంటూరు తమ్ముడు మాత్రం ప్రతి పెళ్ళిలోనూ కనపడతాడు.

కాబట్టి సారీ చెప్పాల్సింది మీ ఆయనే, మీరు కాదు. మీరు చెప్పకండి కూడా. టికెట్లు కొన్నందుకు కోడలు క్షమాపణ చెబితే విషయం టికెట్ల మీదకి మళ్ళుతుంది, కొడుకు తప్పించుకుంటాడు. మీరు చేయగలిగింది, మీ ఆయనతో పిల్లలు లేనప్పుడు ఒకసారి మాట్లాడటం. ‘మీ నాన్నగారు ఓవర్ చేస్తున్నారు’, ‘మీరు అవమానించారు’ లాంటి తీర్పులు వద్దు. ఒక్క ప్రశ్న వేయండి: ‘ఆయన చెయ్యి అడ్డం పెట్టి ప్లీజ్ అన్నప్పుడు ఒక్కసారి మన టేబుల్ వైపు చూశారా?’ వీడియో మీ ఆయన ఫోన్లోనే ఉంది, చూసుకోమనండి. నా అనుమానం నిజమైతే, ఆయన చూసే ఉంటారు. వేరే ఎవరివైపు చూస్తారు?

క్షమాపణ ఎలా చెప్పాలో కూడా రాస్తున్నాను, మగవాళ్ళు తండ్రుల దగ్గర ఈ పనిలో తడబడతారు. ‘మీరు హర్టయ్యుంటే సారీ’ అంటే అది సారీ కాదు, హర్టవడం మీ తప్పు అని చెప్పినట్టు. ‘నాన్నా, మీరు కంగారుపడుతుంటే నేను లేచి పక్కకి రావాల్సింది. ఫోన్ పట్టుకుని నవ్వాను. గ్రూపులో పెట్టే ముందు మిమ్మల్ని అడగలేదు.’ ఇంతే. చివర ‘కానీ’ రాకూడదు. మామయ్యగారు వెంటనే ‘సర్లే’ అనకపోవచ్చు, ముఖం తిప్పుకోవచ్చు, టీవీ సౌండ్ పెంచొచ్చు. అక్కడే కాసేపు కూర్చుని లేచి రమ్మనండి.

ఇక ఆ గ్రూపు. మూడు వారాలైంది కాబట్టి వాట్సాప్‌లో ‘అందరికీ డిలీట్’ కుదరదు, దానికి రెండు రోజుల పైచిలుకు గడువు మాత్రమే ఉంటుంది. కనుక వీడియో అక్కడే ఉంటుంది. అందుకే మాట కూడా అక్కడే పడాలి. ‘ఆ వాచీ నాన్నగారికి ఆయన విద్యార్థులు ఇచ్చింది. ఆ వీడియో పెట్టడం నా పొరపాటు, దయచేసి ఎవరి ఫోన్లో ఉన్నా తీసేయండి’ అని మీ ఆయన రెండు వాక్యాలు రాస్తే చాలు. నలుగురిలో పోయినదాన్ని గదిలో తలుపేసి తిరిగివ్వలేం. బాబాయిగారికి విడిగా ఏమీ చెప్పక్కర్లేదు, ఆయనకి అర్థమవుతుంది. కాకపోతే పోనీండి.

మామయ్యగారి పక్షాన ఇంత రాశానని ఆయన చేస్తున్నదంతా సరే అనుకోకండి. మూడు వారాలు కంచం గదిలోకి తెప్పించుకోవడం కూడా శిక్షే. అది కొడుక్కి తగలడం లేదు, మనవరాలికి తగులుతోంది. హెడ్మాస్టరుగా ఆయన క్లాసంతా అల్లరి చేసినందుకు ఒక మూల పిల్లని నిలబెట్టి ఉండరు కదా. ఈ మాట మీరు అనలేరు, అనకూడదు. అత్తయ్యగారు అనగలరు. ఆవిడ మిమ్మల్ని తప్పుపడుతున్నారంటే, భర్త మౌనాన్ని, కొడుకు మొండితనాన్ని ఏమీ చేయలేక దొరికినచోట కోపం పెడుతున్నారని నాకనిపిస్తోంది. పాప అన్న మాట ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పండి. మీ వాదన ఏమీ జతచేయకండి. ఆవిడే వెళ్ళి ఆయన దగ్గర కూర్చుంటారు.

టికెట్ మార్చమంటే బతిమాలకండి, అడ్డం కూడా పడకండి. తేదీ మారిస్తే ఎంతవుతుందో కనుక్కుని ఆయన ముందు పెట్టండి. ఆయన్ని తీసుకొచ్చిన మనుషులే తీసుకెళ్ళే నిర్ణయమూ చేయడం ఆయనకి విసుగెత్తి ఉంటుంది, ఈ ఒక్కటైనా ఆయన చేతుల్లో ఉండనివ్వండి. వెళ్ళిపోతే వెళ్ళిపోతారు. కొడుకు మాట్లాడకుండా వెళ్ళిపోవడమే జరగకూడనిది.

లెక్కల గమ్మత్తుల మాట రాశారు. బాబుకి ఆయన చూపించింది బహుశా 1089 అయ్యుంటుంది, మా లెక్కల మాస్టారూ మాకు చూపించేవారు. 732 తీసుకుని, తిరగేసి 237 తీసేస్తే 495. దాన్ని తిరగేసి 594 కలిపితే 1089. మొదటి అంకె చివరిదానికన్నా కనీసం రెండు ఎక్కువగా ఉన్న మూడంకెల సంఖ్య ఏదైనా సరే, ఇదే వస్తుంది. ‘తాతయ్యగారూ, ఇవాళ మీరే మెజీషియన్’ అంటూ మీరు ఇంట్లో ప్రోగ్రామ్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. అది ఓదార్పులా కనపడుతుంది, ఆయనకి ఇంకోసారి స్టేజీ ఎక్కినట్టుంటుంది. కొడుకు మాట్లాడాక, బాబు తనంతట తాను కాగితం పట్టుకుని వెళ్తే వెళ్ళనివ్వండి.

ఇంకెప్పుడైనా అలాంటి షోకి వెళ్తే స్టేజీ పక్క టేబుల్, నడవ పక్క కుర్చీ తీసుకోకండి. ‘మా పెద్దవాళ్ళని పైకి పిలవొద్దు’ అని వచ్చేటప్పుడే అక్కడివాళ్ళతో చెప్పొచ్చు, తప్పేం లేదు. పిలిచినా నవ్వుతూ చెయ్యి ఊపి రానంటే బలవంతం చేయకుండా పక్క టేబుల్‌కి వెళ్తారు. అన్నట్టు, అలాంటి కొన్ని షోల్లో పెట్టేది పిజ్జా, సలాడ్. రాత్రి ఏడింటికి చారన్నం తినే మనుషులు ఆకలి మీద కూర్చున్నప్పుడు ఏ జోకూ బాగుండదు. ఇంట్లో తినిపించి తీసుకెళ్ళండి.

వాచీ సంగతి. ఆయన అది పెట్టెలో దాచేసి ఉంటారు. దాన్ని తెచ్చివ్వకండి, కొత్తది కొనకండి. ఒకరోజు ఆయన చేతికి మళ్ళీ కనపడితే మీరు గమనించనట్టే ఉండి, టైమెంతయిందని మాత్రం అడగండి.