పాలకొండలో కొట్టు పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

డీటీపీ సెంటర్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు పొంగిపోయి పక్కింటి వాళ్లకి కూడా చెప్పాను. పాత కంప్యూటర్లు నాలుగు కొన్నావనీ, నాలుగింటిలోనూ విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్సే వేస్తావనీ చెప్పాక మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నీ లెక్క నాకు తెలుసు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, నీ మెషిన్లలో అది లేదు. దొంగ కాపీ జోలికి పోనన్నావు, చాలా సంతోషం. యూపీఎస్ మంచిది కొను. రోజూ బ్యాకప్ తియ్యి.

2008లో శ్రీకాకుళంలో నేనూ ఇదే పని చేశాను. వైరస్‌లతో విసిగిపోయి ఒక్క రాత్రిలో మూడు మెషిన్లలోనూ ఉబుంటు అనే లైనక్స్ వేసేశాను. మర్నాడే ఆమదాలవలస వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. కూతురి పెళ్లి కార్డు, ముహూర్తం మారింది, ఆ ఒక్క లైను దిద్దాలి. కార్డు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అది లైనక్స్‌లో తెరుచుకోదు. మేటర్ ఉన్న వర్డ్ ఫైలు తెరిస్తే, పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ! డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లు యూనికోడ్ కావు కదా, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనిపించే పద్ధతిలో ఉండవు. ఆ ఫాంటు లేకపోతే అంతే.

"ఇదేటి బాబూ, మా పాప పేరు ఇలాగుంది?" అన్నాడు.

దానికి జవాబు చెప్పకుండా, లైనక్స్‌కి వైరస్‌ల బెడద లేదని, పైసా ఖర్చు లేదని పావుగంట వాదించాను. పాపం, మొత్తం విన్నాడు. పెన్‌డ్రైవ్‌ని తువ్వాలు కొసకి ముడేసుకుని, ఎండలో ఏడు రోడ్ల జంక్షన్ వైపు నడిచిపోయాడు. ఇంకో కొట్టుకి నేనే వెంటబెట్టుకెళ్లి ఆ లైను దిద్దించాల్సింది. ఆ బుద్ధి అప్పుడు రాలేదు. ఇన్నేళ్లయినా ఆ ముడి నా కళ్ల ముందే ఉంది.

విండోస్ గొప్పదని జనం వాడట్లేదమ్మా. కొన్న పెట్టెలోనే అది ఉంటుంది, తెచ్చిన ఫైలు తెరుచుకుంటుంది, పాడైతే వీధిలో ఎవరో ఒకరు బాగు చేస్తారు. అదే జనం ఆండ్రాయిడ్ ఫోన్లు వాడుతున్నారు, వాటి లోపల ఉన్నది లైనక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే. కొన్నప్పుడే లోపల ఉంది కాబట్టి ఎవరికీ భయం వెయ్యలేదు.

అందుకని మూడింటిలో లైనక్స్ మింట్ వెయ్యి. మెనూ పాత విండోస్‌లో లాగే ఎడమ పక్క కింద మూలే ఉంటుంది, చెయ్యి తడబడదు. అర్జీలూ రెజ్యూమేలూ వర్డ్ లాంటి లిబ్రే ఆఫీస్‌లో హాయిగా అవుతాయి. నాలుగోది అమ్మేసి, అసలు విండోస్ ఉన్న కొత్త మెషిన్ తీసుకో. డబ్బు నేను పంపుతాను, వద్దన్నావంటే ఊరుకోను. ఎవరైనా ఫైలు తెరుచుకోలేదంటే వాళ్లని ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇవ్వు తల్లీ.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. నా పాత కీబోర్డు తెస్తాను. అక్షరాలు అరిగిపోయాయి గానీ మీటలు ఇంకా బాగానే పడుతున్నాయి.

మీ మావయ్య